డబ్బు పాటల వెనక కథ

డబ్బు పేరు చెబితే పీనుగైనా లేచి కూర్చుంటుందని సామెత. మరి పాట లేవకుండా ఉంటుందా? పడమటి దేశాల్లో డబ్బునే పేరుగా పెట్టుకున్న పాటలూ, రికార్డులూ, సంగీత నాటకాలూ చాలానే వచ్చాయి. ఇవన్నీ కలవారు కులాసాగా పాడుకున్నవనుకుంటాం. కాదండీ. పేరు పొందినవాటిలో చాలామటుకు చేతిలో కాసు ఆడనివాళ్ల పాటలే.

1929లో అమెరికా షేర్ల బజారు కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి. కోటిమందికి పైగా పనిలేక వీధిన పడ్డారు. యిప్ హార్బర్గ్ అనే ఆయన విద్యుత్ పరికరాల వ్యాపారం కూడా ఆ దెబ్బతోనే పోయింది. ఆయన పాటల రచనకు దిగాడు. 1932లో 'అమెరికానా' అనే సంగీత ప్రదర్శనకు రాసిందే 'బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్'. డైమంటే పది సెంట్ల బిళ్ల, మన పాతకాలపు బేడ లాంటిదనుకోండి. రైలుదారులు వేసి, మేడలు కట్టి, యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి చివరికి ఆ బిళ్లకోసం చెయ్యి చాస్తాడు. దానికి జే గోర్నీ కట్టిన వరస ఎక్కడిదో తెలుసా? చిన్నతనంలో విన్న జోలపాటలోది!

మరుసటి ఏడాది 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' సినిమాలో అమ్మాయిలు నాణేలు కుట్టిన దుస్తులతో, ఇక డబ్బుకు లోటులేదని ఆడిపాడతారు. పాట ముగియకుండానే అప్పులవాళ్ల తరఫు మనుషులొచ్చి సామానంతా జప్తు చేస్తారు.

1973లో ఇంగ్లండులో పింక్ ఫ్లాయిడ్ బృందం 'మనీ' అనే పాట చేసింది. అందులో చిల్లర గలగలల కోసం రోజర్ వాటర్స్, తన భార్య కుండలు చేసే మట్టి కలుపుకునే గిన్నెలో నాణేలు విసిరి ఆ చప్పుడు రికార్డు చేశాడు. 1976లో స్వీడన్ వారి అబ్బా బృందం పాడిన 'మనీ, మనీ, మనీ'లో ఒకామె రాత్రింబవళ్లు పనిచేసినా బిల్లులు కట్టగా ఏమీ మిగలడంలేదని వాపోతుంది. ఇది మనకు ఒకరు చెప్పాలా?

అన్నిటికన్నా మనసును పట్టేది 1959 నాటి కథ. డెట్రాయిట్ నగరంలో గోర్డీ అనే నల్లజాతి కుటుంబంవారు నెలనెలా కొంత వేసుకుని ఒక ఉమ్మడి నిధి నడిపేవారు, మన చీటీల మాదిరిగా. కొడుకు బెర్రీ రికార్డుల కంపెనీ పెడతానంటే అక్క ఎస్తర్ గుచ్చిగుచ్చి ప్రశ్నించింది. చివరికి పత్రం మీద సంతకం పెట్టించుకునే 800 డాలర్లు ఇచ్చారు. ఆ కంపెనీయే తర్వాత మోటౌన్‌గా ప్రపంచమంతా పేరు పొందింది.

దాని తొలి విజయమే 'మనీ' అనే పాట. పాడింది బారెట్ స్ట్రాంగ్ అనే పద్ధెనిమిదేళ్ల కుర్రాడు. 1963లో బీటిల్స్ కూడా దాన్ని రికార్డు చేశారు. కాపీరైటు దస్తావేజుల్లో మొదట బారెట్ పేరు రచయితల్లో ఉంది. మూడేళ్లకు తీసేశారు. 1987లో మళ్లీ చేర్చి, మరుసటి ఏడు మళ్లీ కొట్టేశారు. ఈ సంగతి తనకు ఎన్నో ఏళ్లదాకా తెలియదన్నాడాయన. మొదట ఆ పేరు చేరడమే గుమాస్తా పొరపాటని గోర్డీ పక్షంవారి మాట. నిజం ఎవరిదైనా, డబ్బే కావాలని పాడిన గొంతుకు రచయితగా రావలసిన వాటా రాలేదు. 2023లో బారెట్ కన్నుమూశాడు.

ఒక్కటి గమనించండి. సొంత తమ్ముడికైనా కాగితం లేకుండా ఆ అక్క డబ్బివ్వనివ్వలేదు. అదే కంపెనీలో పాడిన కుర్రాడికి మాత్రం తన కాగితాలు చూసి చెప్పేవారు లేకపోయారు. మనలో ఎందరో కుట్టుపని చేస్తారు, పచ్చళ్లు పెట్టి అమ్ముతారు, చీటీలు కడతారు. ఇంటివాళ్లే కదా అని లెక్క వేరేవాళ్ల చేతిలో పెట్టి ఊరుకుంటాం. మాట నీటిమూట కావచ్చు. పాసుపుస్తకంలో, పత్రంలో మన పేరు ఉందో లేదో ఏడాదికొకసారైనా తీసి చూసుకుందాం. అలా అడగడం అనుమానం కాదు, జాగ్రత్త.

సెలవు.