చాళ్ళలో దీపము, పొయ్యి

బొంబాయి నగర నిర్మాణమునకై మన కామాఠీలు మోసిన రాళ్లను గూర్చి పెద్దలు వ్రాసియున్నారు. వారి యిండ్లలో వెలిగిన దీపమును, మండిన పొయ్యిని గూర్చియు విచారింపవలసి యున్నది. స్వల్ప వ్యయముతో అధిక ఫలమిచ్చు సాధనములలో కొన్నిటిని మనవారు వెంటనే స్వీకరించి, కొన్నిటిని చిరకాలము దూరముంచిరి. దీనికి కారణమేమి?

1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కరకట్ట పూర్తియైన పిమ్మట పల్లపు నేలలు నివాసయోగ్యము లయ్యెను. అచ్చట తెలంగాణ కూలీలు స్థిరపడుటచే ఆ పేటకు కామాఠీపుర మను పేరు కలిగెను. తరువాత వచ్చిన పద్మశాలీలు పెక్కుమంది మిల్లులలో చేరి, వర్లీ మున్నగు తావుల చాళ్ళలో కాపురముండిరి. 1920-25 నడుమ ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాళ్ళలో గది వైశాల్యము 160 చదరపుటడుగులు మాత్రమే. వంటయు, నిద్రయు, పిల్లల చదువును అందే.

ఇట్టి గదికి పొగలేని పొయ్యి వరము వంటిది. బర్మా షెల్ కంపెనీ 1955లోనే బొంబాయిలో వంట గ్యాసు అమ్మకము ప్రారంభించెను. కాని కిరోసినును నాటి కూలికి తగినంత సీసాతో తెచ్చుకొనవచ్చును; గ్యాసునకు ధరావతు, సిలిండరు వెల ఒక్కమారే చెల్లించి, చిరునామా రుజువు చూపవలెను. గది ఒకరి పేర నుండగా అందు నివసించువారు వేరొకరు! వలసవచ్చిన పేద కుటుంబములకు స్వీయ ధ్రువీకరణమే చాలునను వెసులుబాటు ఉజ్జ్వల పథకము రెండవ దశలో, 2021లో లభించెను. నడుమ గడచినవి అరువదియారేండ్లు.

ఎల్.ఇ.డి. బల్బు కథ వేరు. ప్రభుత్వపు టోకు కొనుగోలు ధర 2014లో 310 రూపాయలుండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. 60 వాట్ల పాత బల్బు వెలుగును 9 వాట్లది ఇచ్చును. పాత హోల్డరే చాలును. ఇంటి యజమాని యనుమతి అక్కరలేదు. గది మారినపుడు విప్పి వెంట గొనిపోవచ్చును. అందుచే అది త్వరగా వ్యాపించెను.

అయినను దానిని కొననివారు లేకపోలేదు. మా బడి పిల్లవాని తల్లి యొకామె కరెంటు ఖర్చు కలిపి కిరాయి చెల్లించుచుండెను. “ఎంత కాల్చినా గదే కిరాయి సారూ, కొత్త బల్బు కొంటే మాకేం మిగులుతది?” అని యామె నన్నడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమెది అజ్ఞానము కాదు, సరియైన లెక్క. వెల యొకరిది, లాభము వేరొకరిది యైనచోట పొదుపు నిలువదు.

2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళ్ళ వారిలో తొలుత 556 కుటుంబములకు కొత్త యిండ్ల తాళములు లభించెను. అచ్చట లిఫ్టు, నీటి పంపు ఖర్చులు అందరును పంచుకొనవలసినవే. కావున మన సంఘములు పొదుపును గూర్చి ఉపన్యసించుటకు ముందు, మీటరు ఎవరి పేర నున్నదో, బిల్లు ఎవరు కట్టుచున్నారో విచారించుట మేలు.