ఆనీ మూర్ ఎవరు? ఒక ఐరిష్ వలస కుటుంబపు వంశాన్వేషణము

1892వ సంవత్సరము జనవరి 1వ తేదీన న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున వలసదారులను పరీక్షించు నూతన కార్యాలయము తెరువబడెను. ఆ దినమున మొట్టమొదట దాని గడప దాటినది ఐర్లండు దేశమునందలి కార్క్ ప్రాంతమునుండి వచ్చిన ఆనీ మూర్ అను బాలిక. ఆమె వెంట ఆంటొనీ, ఫిలిప్ అను ఇద్దరు తమ్ములుండిరి. 1888లోనే అమెరికా చేరిన తల్లిదండ్రులను కలిసికొనుటకై వారు ‘నెవాడా’ అను ఓడలో వచ్చిరి. అధికారులామెకు పది డాలర్ల బంగారు నాణెమును బహూకరించిరి. పత్రికలు ఆ వార్తను ప్రకటించినవి. పిమ్మట ఆమె పేరు చాలకాలము వినబడలేదు.

తరువాత ఒక కథ పుట్టినది. ఆనీ మూర్ పడమటికి పోయి, టెక్సాసు రాష్ట్రమున కాపురముండి, ఐరిష్ దేశనాయకుడైన డేనియల్ ఓకానెల్ వంశీయుడని చెప్పబడు నొకనిని వివాహమాడి, 1923లో ఫోర్ట్ వర్త్ సమీపమున ట్రాముబండి తగిలి మరణించెనని ఆ కథ. దీనిని పలువురు నమ్మిరి. ఆ టెక్సాసు కుటుంబమువారు ఎల్లిస్ ద్వీపమునను, ఐర్లండునను జరిగిన ఉత్సవములకు ఆహ్వానింపబడిరి కూడ. కథ అందముగా నుండుటయే దాని బలము. పేదపిల్ల వచ్చినది, పడమటి మైదానములు చేరినది, ఘనవంశమున మెట్టినది. అమెరికా తన్ను గూర్చి తాను చెప్పుకొనదలచిన దంతయు ఇందున్నది. లేనిది ప్రమాణ మొక్కటియే.

ఐరిష్ కుటుంబముల పూర్వోత్తరములు వెదకుట ఏల కష్టమో కొంత వివరింపవలసియున్నది. ఆ దేశమున జననమరణములను, కథోలికుల వివాహములను ప్రభుత్వము నమోదు చేయ నారంభించినది 1864లో మాత్రమే. 1821 మొదలు 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రములు, స్వల్పభాగము తప్ప, 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనమున దస్తావేజుల భాండాగారము దగ్ధమైనపుడు బూడిదయైనవి. 1861 మొదలు 1891 వరకు గల నాలుగు లెక్కల పత్రములను శత్రువులు గాని అగ్ని గాని నాశనము చేయలేదు, ప్రభుత్వమే చేసినది. సమగ్రముగా మిగిలినవాటిలో తొలివి 1901, 1911 సంవత్సరములవి. కావున అంతకు ముందరి తరములకు చర్చిలలోని జ్ఞానస్నానపు పుస్తకములును, 1847–1864 నడుమ రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యవమున జరిగిన భూముల మదింపు పట్టికలును శరణ్యములు. ఈ పట్టికలలో భూమి ననుభవించువాని పేరు, భూస్వామి పేరు, భూమి కొలత, మదింపు మొత్తము కలవు. భార్యాపిల్లల పేర్లు లేవు. ఊరి పేరు తెలియనిదే ఇవి పనికిరావు. అమెరికా పత్రములలోనో, జన్మస్థలమన్న చోట తరచుగా ‘ఐర్లండు’ అను నొక్క మాటయే కనబడును. సముద్రమున కావలి గట్టున ఇంటిని వెదకువాని కిది యెంతటి ఆటంకమో చెప్పనక్కరలేదు.

ఆనీ కుటుంబము విషయమున మరియొక చిక్కు కలదు. ఆమె తల్లిదండ్రుల పేర్లుండవలసిన 1890వ సంవత్సరపు అమెరికా జనాభా పత్రములు 1921లో అగ్నిప్రమాదమునకు గురియై మిక్కిలి భాగము నశించినవి. ఆనీయు తమ్ములును కనబడవలసిన 1891వ సంవత్సరపు ఐరిష్ పత్రములు అంతకు ముందే పోయినవి. ఇరుతీరములందును ఒకే కుటుంబమునకు సాక్ష్యము లేకపోయినది.

ఇక పేరు. ఆనీ, మూర్ అనునవి రెండును సర్వసామాన్యములు. పైగా ఐరిష్ కుటుంబములలో మొదటి కుమారునకు తండ్రితండ్రి పేరు, రెండవవానికి తల్లితండ్రి పేరు పెట్టు ఆచారము వ్యాప్తమై యుండుటచే, ఒకే ఊర ఒకే పేరుగల దాయాదులు పలువురుందురు. మనుమనికి తాత పేరు పెట్టు దేశమున కవుల వంశవృక్షములను సరిచూచిన మన పరిశోధకుల కీ చిక్కు క్రొత్తది కాదు. పేరు కలిసినంత మాత్రమున మనిషి కలిసినట్లు కాదు.

టెక్సాసు కథను భగ్నము చేసినది వంశశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్. ఆమె చేసిన పని మిక్కిలి సరళమైనది. టెక్సాసులో మరణించిన ఆనీ మూర్‌ను గూర్చిన అధికార పత్రములను చదివినది. ఆ స్త్రీ ఇలినాయ్ రాష్ట్రమున పుట్టినట్లు వానియందున్నది. అమెరికాలో పుట్టినవారు వలసదారులుగా ఎల్లిస్ ద్వీపమున దిగుట పొసగదు. ఆ పత్రములు రహస్యములు కావు. వానిని చదువవలెనన్న ఆలోచన ఇతరులకు కలుగలేదు, అంతియే.

ఒక కథను కొట్టివేయుట సులభము. దాని స్థానమున నిజమును నిలుపుట కష్టము. స్త్రీ వివాహమైనపుడు ఇంటిపేరు మారును. మారినచోట పత్రముల దారి తెగిపోవును. కావున స్మోలెన్యాక్ ఆచూకి తెలిపినవారికి వేయి డాలర్లు బహుమానము ప్రకటించినది. న్యూయార్కు నగర దస్తావేజుల కమిషనరైన బ్రయన్ ఆండర్సన్‌కు, ఆనీకి మారుగా, ఆమె తమ్ముడు ఫిలిప్ పౌరసత్వ పత్రము దొరికినది. పురుషుని ఇంటిపేరు మారలేదు గదా! 1930 జనాభా లెక్కలలో ఫిలిప్‌తో ఒక కుమార్తె కనబడినది. మరణముల సూచికలో ఆ కుమార్తెయు, ఆమె ద్వారా సజీవులైన వారసులును తెలియవచ్చిరి. ఈ విధముగా 2006లో అక్క చరిత్ర తమ్ముని సంతతిద్వారా బయటపడినది.

ఆ చరిత్రలో మైదానములు లేవు. ఆనీ పడమటికి పోనే లేదు. న్యూయార్కులో దిగువ తూర్పుభాగమునందలి ఇరుకు వాడలలోనే బ్రతికినది. 1895లో జర్మను వలసదారుల కుమారుడును, ఫుల్టన్ చేపల సంతలో పనిచేయువాడును అగు జోసెఫ్ షేయర్‌ను వివాహమాడినది. కనీసము పదునొకండుగురు బిడ్డలను కన్నది. వారిలో పెరిగి పెద్దవారైనది ఐదుగురే. 1924లో హృద్రోగముచే మరణించినపుడు ఆమె వయస్సు 50. ఆ సంఖ్యయు విచారణార్హమే: ఎల్లిస్ ద్వీపమున దిగిననాడు ఆమె కది పదునైదవ పుట్టినరోజని ప్రచారము; కార్క్ జననపత్రములను వెదకగా ఆమె పుట్టినది 1874లోనని తేలినది. అనగా నాటికి వయస్సు 17.

1993లో ఐర్లండునందలి కోవ్ రేవునను, ఎల్లిస్ ద్వీపమునను శిల్పి జీన్ రైన్‌హార్ట్ చెక్కిన ఆనీ మూర్ విగ్రహములు ప్రతిష్ఠింపబడినవి. ఆనాటికి క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానమున ఆమె సమాధిపై పేరైనను లేదు. 2008 అక్టోబరులో అచ్చట ఐర్లండునుండి తెచ్చిన నీలపు సున్నపురాతి శిలువను నిలిపిరి.