చిటికెడు మట్టి

'ధాతువు' అంటే వ్యాకరణంలో క్రియకు మూలం. బౌద్ధ వాఙ్మయంలో మహనీయుల శరీరావశేషం. 1892లో అలెగ్జాండర్ రీ మన భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన ధాతుకరండాలు ఈ రెండవ అర్థానికి సాక్ష్యాలు. పోయినవారి ఆనవాలును పదిలపరచుకొనడం మనకు కొత్త కాదు. అయితే అపరిగ్రహాన్ని వ్రతంగా పట్టిన గాంధీజీ విషయంలో ఈ ఆచారం చిక్కుముడి అయింది.

1948 జనవరి 30 సాయంకాలం బిర్లా భవనంలో ఆయన నేలకొరిగిన చోటి మట్టిని జనం పిడికిళ్ళతో తీసికొనిపోయారు. వారికది సరుకు కాదు. ఇంటి పెద్ద పోయిన దుఃఖానికి గుర్తు. ఫిబ్రవరి 12న అస్థికలు, మూడవ తరగతి పెట్టెల రైలులో ప్రయాగ చేరి, త్రివేణిలో కలిశాయి. దేశంలోని అనేక జలాలకూ ఆ భస్మం చేరింది. హైదరాబాదు లంగర్‌హౌజ్‌లో మూసీ, ఈసీ కలిసే చోటు బాపూఘాట్ అయింది. కటకంలో ఒక బ్యాంకు ఖజానాలో ఏళ్ళ తరబడి ఉండిపోయిన కలశం సైతం 1997 జనవరి 30న త్రివేణికే చేరింది. నెత్తుటి మరకల వస్త్రాలు, ఒక తూటా ఢిల్లీ జాతీయ గాంధీ సంగ్రహాలయంలో ఉన్నాయి. అటువంటి వస్త్రమే మరొకటి మధురలో, తెలుగు నాయక వంశపు రాణి మంగమ్మ ప్రాసాదంలో నెలకొన్న గాంధీ స్మారక సంగ్రహాలయంలో ఉంది.

ఇక వేలంపాటల సంగతి. 2009 మార్చిలో న్యూయార్కులో ఆయన కళ్ళజోడు, చెప్పులు, గడియారం, గిన్నె, పళ్ళెం కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. మద్యనిషేధానికై పోరాడిన వాని వస్తువులను పాడుకొన్నది మద్యవ్యాపారి విజయ్ మాల్యా! 2012లో ఇంగ్లండులో, ఆయన నెత్తురు సోకినదని చెప్పిన చిటికెడు మట్టి, గడ్డిపోచలు 10,000 పౌండ్లకు అమ్ముడుపోయాయి.

వేలమే తప్పందామా? అలా అనడానికి వీలులేదు. 1933-34లో ఆంధ్రదేశం మీదుగా కూడా సాగిన హరిజనయాత్రలో, సభలలో తనకిచ్చిన కానుకలను ఆయనే స్వయంగా వేలం వేశారు. సంతకానికి అయిదు రూపాయలు వసూలు చేశారు. ఆ సొమ్మంతా హరిజన నిధికే. న్యూయార్కులో ఆ వస్తువులను అమ్మజూపిన జేమ్స్ ఓటిస్ కూడా, భారత ప్రభుత్వం పేదలకై ఎక్కువ ఖర్చు చేస్తే వాటిని ఇచ్చివేస్తానన్నాడు. బేరం కుదరలేదు. చివరి క్షణంలో వద్దన్నా పాట ఆగలేదు. తేడా వేలంలో లేదు, సొమ్ము చేరే చోటులో ఉంది.

నా మట్టుకు, ఆ మట్టిని కొంగున ముడివేసికొన్న వారే నిజమైన వారసులనిపిస్తుంది. వారి పేర్లు ఏ జాబితాలోనూ లేవు. మిత్రుల ఇళ్ళలో పెద్దలు దాచిన అటువంటి గురుతులేమైనా ఉంటే, వాటి వెనుకనున్న కథను ముందు వ్రాసిపెట్టండి. కథ పోయిన నాడు మిగిలేది వట్టి మట్టే.