మూలన ఏనుగు, రాజు పక్కన శకటు: చదరంగం పుట్టుక, దాని మీది తగవులు

ఖమ్మం జిల్లాలో కారేపల్లి ఉన్న మండలం పేరు సింగరేణి. ఆ పేరు పెట్టుకున్న బొగ్గు కంపెనీ తొలి గనులు మాత్రం పక్కనున్న ఇల్లందులో పడ్డాయి. అక్కడ తవ్వకాలు 1889లో మొదలైతే, కంపెనీకి సింగరేణి పేరు 1920లో స్థిరపడింది. బొగ్గు ఒక ఊరిది, పేరు ఇంకో ఊరిది. చదరంగం చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆట ఎక్కడ పుట్టింది, పేరు ఎవరు పెట్టారు, గెలిచినవాడు ఎవరివాడు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని ఒకే ముడిగా వేసుకుని తగవు పడుతున్నాం.

పుట్టుక సంగతి ముందు చూద్దాం. హర్షుడి కొలువులోని బాణభట్టు ఏడో శతాబ్దంలో రాసిన హర్షచరిత్రలో అష్టాపదం అనే గళ్ల పటం పేరు, చతురంగం అన్న మాట ఒకే శ్లేషలో జంటగా వస్తాయి. ఆటకు మనకున్న తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. పహ్లవీ భాషలోని చత్రంగ్ కథ, ఒక హిందూ రాజు ఈ ఆటను పారశీక రాజు ఖుస్రో అనూషిర్వాన్‌కు పంపాడని చెబుతుంది. ఫిర్దౌసీ షానామాలోనూ అదే కథ. కథలోని సంఘటన జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఇరానీయులే తమ సొంత గ్రంథంలో ఆట హిందూ దేశం నుంచి వచ్చిందని ఒప్పుకున్నారు. తనకు లాభం లేని మాట చెప్పే సాక్షిని నమ్మాలన్నది నా పద్ధతి. ఇరాన్ పక్షం వహించేవారు తవ్వకాలను చూపిస్తారు. సమర్‌కంద్ దగ్గరి అఫ్రాసియాబ్‌లో 1977లో దొరికిన దంతపు పావులు చాలా పాతవి, నిజమే. కానీ పావులు దొరికిన చోటే ఆట పుట్టిందనడానికి వీల్లేదు. కర్రతో, మట్టితో చేసిన పావులు మన వానల్లో ఎన్నాళ్లు నిలుస్తాయి? ఆట చైనాలో పుట్టిందన్న వాదాన్ని డేవిడ్ లీ అనే రచయిత 1998లో గట్టిగా వినిపించి, ఆటను హాన్ షిన్ అనే చైనా సేనాపతికి అంటగట్టారు. దానికి ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు.

అయితే భారతదేశం అనగానే ఒక రాజో, ఒక పండితుడో కూర్చుని కనిపెట్టాడనుకోవడం కూడా పొరపాటే. కారేపల్లి వైపు అరుగు మీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా పటాన్ని దగ్గర్నుంచి చూడండి. ఐదు వరుసలు, వరుసకు ఐదు గళ్లు. నాలుగు పక్కలా నడిమి గడిలో ఒక్కో ఇంటూ గుర్తు, నట్టనడుమ ఇంకొకటి. ఇంటూ గుర్తున్న గడిలో కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు. ఇప్పుడు పాతకాలపు చదరంగం పటాన్ని పక్కన పెట్టండి. అరవై నాలుగు గళ్లలో కొన్నింటికి అలాంటి గుర్తులే ఉంటాయి. చదరంగంలో వాటికి ఏ పనీ లేదు. మరి ఎందుకున్నాయి? పటం చదరంగం కోసం గీసింది కాదు కనుక. అష్టాపదమనే పాత పందెపు ఆట పటాన్ని చదరంగం తీసుకుంది. 1913లో వెలువడ్డ తన పెద్ద గ్రంథంలో చదరంగ చరిత్రకారుడు ముర్రే ఈ గుర్తుల మీద దృష్టి పెట్టాడు. గవ్వలు వేసి కాయలు నడిపే జనం చేతి పటం మీద సేనను నిలబెట్టినవారు ఎవరైనా, వాళ్లకు ముందు ఆ పటం గీసినవాళ్లు ఉన్నారు.

తెలుగు పావుల పేర్లు ఇంకో సాక్ష్యం. మనకు మూలన ఏనుగు, రాజుకూ మంత్రికీ పక్కన శకటు. శకటు అంటే బండి. అరబ్బీ ఆటలో ఏనుగు రాజు పక్కన, రుఖ్ అనే రథం మూలన. అంటే మనకు రెండూ తారుమారు. ఇది తెలుగువాడి పొరపాటు కాదు. తొమ్మిదో శతాబ్దపు అరబ్బు చదరంగ నిపుణుడు అల్ అద్లీ, ఏనుగును మూలన నిలిపే భారతీయ పద్ధతి ఒకటి ఉందని అప్పటికే నమోదు చేశాడు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో చతురంగాన్ని వివరించాడు. అప్పటికి ఓరుగల్లు కాకతీయులు ఆ చాళుక్యుల సామంతులే. ఈ ఆట దక్కనుకు తురక సేనల వెంట వచ్చిందన్న మాట దీంతో నిలవదు.

ఇంకో పక్క, ఇవాళ మనం ఆడేది బాణభట్టు నాటి ఆట కాదు. మంత్రి ఎంత దూరమైనా దూసుకుపోవడం, శకటు ఐమూలగా పటం దాటడం పదిహేనో శతాబ్దం చివర ఐరోపాలో వచ్చిన మార్పులు. పుట్టినిల్లు మనదే, పెరిగిన ఇళ్లు చాలా.

గెలుపు మీది తగవు మొన్నటిదే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరు, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో భారత ఆటగాడు గుకేశ్ పద్నాలుగో ఆట. డింగ్ యాభై ఐదో ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు రెండూ పోయాయి. గుకేశ్ తన శకటును డింగ్ శకటుకు ఎదురు నిలిపాడు. అవీ పోయాక మిగిలిన బంట్ల ముందు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్లకు జగజ్జేత. ఆ రాత్రే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మన తెలుగు కుర్రాడని అభినందించారు, తమిళనాడు ముఖ్యమంత్రి చెన్నై ఘనతను చాటారు. ఇక రెండు వైపులా జనం మాటల యుద్ధం. గుకేశ్ ఇంటి భాష తెలుగు. పుట్టి పెరిగింది, ఆట నేర్చింది చెన్నైలో. పాతతరం ఆటగాడు మాన్యుయెల్ ఆరన్ కాలం నుంచి, విశ్వనాథన్ ఆనంద్ కుర్రతనంలో ఆడిన తాల్ చదరంగ క్లబ్బు నుంచి ఆ నగరం పెంచుకున్న పంట అది. గర్వపడే హక్కు మనకుంది. చెన్నై కష్టాన్ని మన ఖాతాలో రాసుకునే హక్కు లేదు. గుంటూరు ఇచ్చిన హరికృష్ణ, హారిక, గుడివాడ ఇచ్చిన హంపి, వరంగల్ ఇచ్చిన అర్జున్ ఎరిగైసి ఉండగా ఆ అవసరమూ లేదు.

గెలిచినవాడు ఎవరివాడన్న తగవు ఇంకోటి ఉంది: 1929లో బ్రిటిష్ చదరంగ విజేత అయిన పంజాబీ మీర్ సుల్తాన్ ఖాన్‌కు 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చారు, పాకిస్తానీగా. ఆయన ఆడిన రోజుల్లో పాకిస్తాన్ లేదు.

జెండాల పని జెండాలు చేస్తాయి. పరిశోధకుడి పని కారేపల్లి నుంచి భద్రాచలం దాకా అరుగుల మీది పటాలను కొలవడం, ఇంటూ గుర్తులు ఏ గళ్లలో ఉన్నాయో గీసుకోవడం, కోయ, లంబాడీ, తెలుగు ఇళ్లలోని పెద్దవాళ్ల ముందు పావులు పరిచి అడగడం: ఈ మూలనున్నదాన్ని మీరేమంటారు?