ముందుకా, వెనక్కా? నడుము నొప్పి వ్యాయామాల్లో అసలు తగవు

నడుము నొప్పి వ్యాయామాల చరిత్రను చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు: ముందుకు వంగమన్నవాడు విలియమ్స్, వెనక్కి వంగమన్నవాడు మెకెంజీ, గెలిచింది రెండోవాడు. గుర్తుపెట్టుకోవడానికి సులువే గానీ, ఈ కథ అసలు తగవును దాచేస్తుంది.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోంలో, వైద్యానికి పనికొచ్చే కసరత్తులూ నేర్పే జిమ్నాస్టిక్స్ సంస్థ పెట్టాడు. 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికన్ వైద్యులు, చోటు తప్పిన డిస్కు నరాన్ని నొక్కుతుందని చూపారు. మూడేళ్లకు డల్లాస్ ఎముకల డాక్టరు పాల్ విలియమ్స్, మనిషి నిటారుగా నిలబడటమే వెన్నుకు చేటని నమ్మి, నడుము వంపును చదును చేసే కసరత్తులు రాశాడు. వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఛాతీకి లాక్కోవడం అందులోదే.

అసలు మలుపు 1956లో, న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో వచ్చింది. స్మిత్ అనే రోగికి నొప్పి నడుము కుడివైపు మొదలై పిరుదు మీదుగా మోకాలిదాకా దిగేది. మూడు వారాల చికిత్స పారలేదు. ఆ రోజు లోపలికెళ్లి బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు వచ్చిన రోగి కోసం ఎత్తిన బల్ల తలవైపు భాగాన్ని ఎవరూ దించలేదు. అయిదు నిమిషాల తర్వాత వచ్చిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ, వెన్ను విల్లులా వెనక్కి వంగి ఉన్న మనిషిని చూసి హడలిపోయాడు. స్మిత్ మాత్రం హాయిగా ఉందన్నాడు. కాలి నొప్పి పోయింది, మిగిలింది నడుము మధ్యకు చేరింది.

దీన్ని అదృష్టమంటారు. నాకు మాత్రం ఎత్తిన బల్లకంటే, మెకెంజీ ఆనాటి నుంచి పట్టుకున్న ప్రశ్న ముఖ్యం: నొప్పి ఎటు జరిగింది? కాలి నుంచి నడుముకు మళ్లితే మంచిదే, అక్కడ కాస్త పెరిగినా సరే. కాలిలోకి ఇంకా దిగితే ఆ కదలిక ఆపాలి. మెడకూ ఇదే లెక్క. ఆయన పద్ధతిలో ముందుకు వంగే వ్యాయామాలూ ఉన్నాయి. విలియమ్స్ సిద్ధాంతంతో మొదలుపెట్టి శరీరం దగ్గరికొచ్చాడు. మెకెంజీ శరీరం చెప్పింది విని సిద్ధాంతానికి వెళ్లాడు. తగవు ఎటు వంగాలన్నది కాదు, అది ఎవరు తేల్చాలన్నది.

2004లో ఆడ్రీ లాంగ్ బృందం 312 మందిని పరీక్షిస్తే, 230 మందికి ఏదో ఒక దిక్కు కదలిక ఊరటనిచ్చింది. తమకు నప్పిన దిక్కున చేసినవాళ్లు, ఎదురు దిక్కున చేసినవాళ్లకంటే బాగా మెరుగయ్యారు. కానీ గమనించింది రెండు వారాలే. పైగా ఎక్కువమందికి నప్పింది వెనక్కి వంగడమే. 1998 నాటి ఒక అమెరికా అధ్యయనంలో మెకెంజీ పద్ధతి, చిన్న పుస్తకం చేతికిచ్చి పంపడం కంటే ఏ కాస్తో నయమనిపించింది. 1995లో హెల్సింకిలోనైతే, కొత్తగా నడుము పట్టేసినవాళ్లలో మామూలు పనులు చేసుకుంటూ పోయినవాళ్లే ముందు కోలుకున్నారు. కాబట్టి మెకెంజీ ప్రశ్న గట్టిది, జవాబులన్నీ అంత గట్టివి కావు.

ఇక ఇవాళ్టి సంగతి. 249 అధ్యయనాలను కలిపి చూసిన 2021 కోక్రేన్ సమీక్ష, దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం మేలే చేస్తుందంది. ఏ వ్యాయామం, ఎవరికి అన్నదే చిక్కు. నాకు మెడ పట్టేసినప్పుడు ఒక క్లినిక్‌లో పది నిమిషాలు కరెంటు పెట్టి, బొమ్మల జిరాక్సు కాగితం చేతిలో పెట్టారు. పక్క కుర్చీలో నడుము నొప్పితో వచ్చినావిడకూ అదే కాగితం. నొప్పి చేతిలోకి దిగుతోందా అని నన్నెవరూ అడగలేదు. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తే బొమ్మ అందులో మొదటిది. బొమ్మ మెకెంజీది, పద్ధతి మాత్రం విలియమ్స్‌దే.