పాత డిస్క్ తీయగానే...

నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు. బూట్ అయ్యే డివైస్ ఏదీ దొరకలేదట, డిస్క్ పెట్టి ఏదో ఒక కీ నొక్కమంటోంది. ఏ కీ నొక్కినా మళ్లీ అదే మాట.

దసరా వెళ్లి దీపావళి దగ్గరపడుతున్న రోజులవి. సూరత్ చీరల బజారుకు ఊపిరి సలపని కాలం. పాండేసర జీఐడీసీలో రంగుల మిల్లుల వెనక గల్లీలో ఉంది ఆ చిన్న ఎంబ్రాయిడరీ కార్ఖాన. నడిపే ఆయనది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సాంచెల (మరమగ్గాల) పని కోసం ఇలా తరలివచ్చిన కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఈయన చదివిందీ అలాంటి బడిలోనే. సాంచెల మీద కూలి గిట్టక, అప్పు చేసి ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకున్నాడు.

చీర అంచు మీద పువ్వు కుట్టడానికి కంప్యూటర్‌తో ఏం పని అనిపించవచ్చు. ఆ పువ్వును ముందుగా కంప్యూటర్‌లో ‘పంచింగ్’ చేయాలి. సూది ఎక్కడ దిగాలో, దారం రంగు ఎక్కడ మారాలో ఆ ఫైలే మిషన్‌కు చెబుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కు పెడతారు. పని ఇచ్చే వ్యాపారి, అంటే సేట్, ఒక ఆకు పెద్దది చేయమన్నా మళ్లీ కంప్యూటర్ దగ్గరికే రావాలి. అందుకే ఆ రాత్రి తెర నల్లబడితే ఆయన గుండె జారిపోయింది. పొద్దున్నే సేట్‌కు కొత్త డిజైన్ చూపించాలి.

కంప్యూటర్‌ను బాగుచేసే పని ఆయన అన్న కొడుకుది. డిప్లొమా చదువుతున్నాడు. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటోందని అంతకు ముందు వారమే ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చి, దాంట్లో విండోస్ ఎక్కించాడు. పాత డిస్క్‌ను కూడా అలాగే ఉంచి, డిజైన్లన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేశాడు. వారమంతా కంప్యూటర్ పరుగులు తీసింది. ఆ రాత్రి, ఇక దీంతో పనేముందని పాత డిస్క్ వైర్లు పీకేశాడు. అంతే.

“కొత్తదే ఖరాబున్నదేమోరా. పొద్దుగాల దుకాణంల ఇచ్చి మార్చుకరా.”

“ఇన్ని రోజులు మంచిగనే నడిచింది గద చిన్నాయినా.”

“మరి ఫార్మాట్ కొట్టి మళ్ల ఎక్కియ్.”

కుర్రాడు విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఎస్‌ఎస్‌డీని చెరిపేసే చోటి దాకా వెళ్లాడు. అక్కడ చెయ్యి ఆగింది. ఆ వారం చేసిన పంచింగ్ అంతా ఎస్‌ఎస్‌డీలోనే ఉంది, మరెక్కడా లేదు. ఈ కథలో అందరికంటే మెచ్చుకోవలసింది ఆ ఆగిన చేతినే. కంప్యూటర్ లేవకపోతే మనలో చాలామంది మొదట చేసే పని ఫార్మాట్. నిజానికి అది చిట్టచివర చేయాల్సింది.

పెన్‌డ్రైవ్ తీసేసి, ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కి, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లాడు. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు స్పష్టంగా కనిపించాయి. అంటే దానికి కరెంటు అందుతోంది, కేబుల్ పనిచేస్తోంది, డిస్క్ చచ్చిపోలేదు. దారపు నూగు ఎగిరే చోటు కదా అని కేబుల్ తీసి తుడిచి మళ్లీ బిగించాడు. ఫలితం లేదు. బూట్ వరుస చూస్తే, అందులో ఉండాల్సిన ‘విండోస్ బూట్ మేనేజర్’ అన్న పేరే లేదు.

పాత డిస్క్ మళ్లీ తగిలించాడు. క్షణాల్లో విండోస్ వచ్చేసింది.

“అంటే పాతదాంట్లదే నడుస్తున్నదారా?”

“లేదు చిన్నాయినా, కొత్తదాంట్లదే. కానీ పాతది లేకపోతే లేస్తలేదు.”

విషయం డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే బయటపడింది. పాత డిస్క్ మొదట్లో 100 ఎంబీల చిన్న భాగం, దాని మీద ఈఎఫ్‌ఐ సిస్టమ్ అని రాసి ఉంది. ఎస్‌ఎస్‌డీలో అలాంటిది లేదు. ఈనాటి యూఈఎఫ్‌ఐ కంప్యూటర్ నేరుగా విండోస్‌ను వెతకదు. ఫ్యాట్32 పద్ధతిలో ఉండే ఈ చిన్న భాగంలోని బూట్ ఫైళ్లను చదివి, అవి చూపిన విండోస్‌ను లేపుతుంది. కొత్త డిస్క్‌లో విండోస్ ఎక్కించేటప్పుడు పాతది కూడా తగిలించి ఉంటే, సెటప్ అందులోని ఈఎఫ్‌ఐ భాగాన్నే వాడుకుని, కొత్తదాంట్లో మరొకటి చేయకుండా వదిలేయవచ్చు. ఇక్కడ జరిగింది అదే. వారం రోజులుగా ఆ వేగమంతా, టక్‌టక్‌మంటూ కొన ఊపిరితో ఉన్న డిస్క్‌లోని ఆ కాస్త చోటు మీద నిలబడింది. అది ఏ రాత్రి ఆగిపోయినా, నిక్షేపంలాంటి ఎస్‌ఎస్‌డీని చెడిపోయిందనే అనుకునేవారు.

ముందు డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లాయి. తర్వాత విండోస్‌లోని పనిముట్టు అయిన డిస్క్‌పార్ట్‌తో ఎస్‌ఎస్‌డీలోని సీ డ్రైవ్‌ను 300 ఎంబీలు కుదించి, ఆ ఖాళీలో ఈఎఫ్‌ఐ భాగం చేసి ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాడు. బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లను అందులో రాయించాడు. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ వైర్లు తీసి, పవర్ బటన్ నొక్కాడు. చిన్నాయిన వెనకే నిలబడి చూస్తున్నాడు.

విండోస్ లేచింది. తెల్లారేలోగా సేట్ అడిగిన డిజైన్ మిషన్ మీదికి ఎక్కింది.

లేవని ప్రతి కంప్యూటర్‌కూ ఇదే కారణం కాదు. అసలు బయాస్‌లోనే ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే కేబుల్‌నో స్లాట్‌నో అనుమానించాలి. కొన్ని ఎం.2 స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈనే. చాలా పాత మదర్‌బోర్డులు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేస్తే, యూఈఎఫ్‌ఐ మాత్రమే పెట్టుకున్న కంప్యూటర్ దాన్నుంచి లేవదు. విండోస్ 10లో 2017 నుంచి వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు దాన్ని డేటా చెరపకుండానే యూఈఎఫ్‌ఐకి సరిపడే జీపీటీ పద్ధతికి మార్చగలదు. అయినా ముందు కాపీ తీసుకోవాల్సిందే.

మీ ఇంట్లోనో దుకాణంలోనో ఎస్‌ఎస్‌డీ వేయిస్తుంటే, విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ వైర్లు తీసి ఉంచమని అడగండి. ఇప్పటికే రెండూ కలిపి వాడుతున్నారా? ఈ రోజే కంప్యూటర్ ఆపి, పాతది తీసి, ఒక్కసారి ఆన్ చేసి చూడండి. కొత్తది ఒంటరిగా లేచేదాకా పాత డిస్క్‌ను చెరపకండి, ఎవరికీ ఇవ్వకండి.