రంబలారా: ఒక చిన్న సమాజం కట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్



ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరానికి ఉత్తరంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో షెపర్టన్ అనే ఊరు ఉంది. ఆ ఊళ్లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర ఈసారి చదవండి. ఎక్కడి ఊరు, ఎక్కడి ఆట, మనకెందుకు అంటారా? చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. దీన్ని 'ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్' అంటారు. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదిది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మైదానం కూడా అండాకారమే. జట్టుకు 18 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, కానీ చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. ఒక్కో చివర నాలుగు స్తంభాలుంటాయి. కాలితో తన్నిన బంతి నడిమి రెండింటి మధ్యగా వెళ్తే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్యగా వెళ్తే 1 పాయింటు. ఈ ఆట నియమాలను మెల్‌బోర్న్‌లో 1859లో రాసుకున్నారు.

ఇక క్లబ్ సంగతి. షెపర్టన్ ప్రాంతం యోర్టా యోర్టా అనే ఆదివాసుల నేల. వారిలో చాలామందిని ఒకప్పుడు మరీ నది ఒడ్డున కమ్మరగంజ అనే ప్రభుత్వ కేంద్రంలో ఉంచారు. అక్కడి బడిలో థామస్ షాడ్రాక్ జేమ్స్ అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన మారిషస్‌లో పుట్టిన భారత సంతతివారు. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు ఏళ్ల తరబడి చదువు చెప్పారు. తమ జనం హక్కుల కోసం పోరాడిన విలియం కూపర్ వంటి నాయకులు ఆయన శిష్యులే. ఉపాధ్యాయుడిగా ఈ మాట రాస్తుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

కమ్మరగంజకు సొంత ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల జట్లను ఓడించి కప్పులు గెలిచేది. ఆ ఊళ్లో పుట్టిన డగ్ నికోల్స్ మెల్‌బోర్న్ వెళ్లి పెద్ద లీగ్‌లో ఫిట్జ్‌రాయ్ తరఫున ఆడారు. రంగు కారణంగా అవమానాలు పడ్డా ఆట మానలేదు. 1972లో 'సర్' బిరుదు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ పదవి ఆయనను వరించాయి. ఆ పదవి పొందిన మొదటి ఆదివాసి ఆయనే.

కానీ కమ్మరగంజలో బతుకు రాను రాను దుర్భరమైంది. చాలీచాలని రేషను, మేనేజరు పెత్తనం. 1939 ఫిబ్రవరి 4న జనం మూటాముల్లె సర్దుకుని నది దాటి విక్టోరియాలోకి వెళ్లిపోయారు. అలా వచ్చిన కుటుంబాల్లో చాలామంది షెపర్టన్, మూరుప్నా ఊళ్ల మధ్య, వరద వస్తే మునిగే పల్లపు నేలలో రేకులు, గోనెపట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. 1958లో ప్రభుత్వం వారికి కట్టిన పది ఇళ్ల కాలనీ పేరే రంబలారా.

ఆ పేరుతోనే తరువాత క్లబ్ పుట్టింది. తమ పిల్లలు తలా ఒక జట్టులో ఒంటరిగా ఆడడం కాదు, తమకంటూ ఒక జట్టు ఉండాలని పెద్దలు అనుకున్నారు. లీగ్‌లో చోటు అంత సులువుగా దొరకలేదు. అడిగినప్పుడల్లా కాదన్నారు. పాల్ బ్రిగ్స్ వంటి వారు పట్టు విడవకుండా తిరిగారు. చివరకు 1997లో ప్రవేశం దొరికింది. కొద్ది ఏళ్లలోనే సీనియర్ జట్టు కప్పు గెలిచింది. తరువాత ఈ క్లబ్ మరీ లీగ్‌లోకి మారింది. పేరులో ఫుట్‌బాల్‌తో పాటు నెట్‌బాల్ కూడా ఉంది, కాబట్టి ఆడపిల్లలకూ అదే క్లబ్బు, అదే మైదానం.

ఇక్కడ ఇంకో విషయం గమనించండి. తమ పూర్వీకుల భూమిపై హక్కు కోసం యోర్టా యోర్టా ప్రజలు వేసిన కేసును 2002లో ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టివేసింది. పాత ఆచార సంప్రదాయాలతో వారి బంధం మధ్యలో తెగిపోయిందన్నది తీర్పు సారాంశం. కోర్టు ఆ మాట అన్నా, శనివారం వస్తే తాతలు, అమ్మమ్మలు, మనవలు ఒకే గట్టున కూర్చుని తమ జట్టును పిలుచుకుంటూనే ఉన్నారు. క్లబ్ కేవలం ఆటతో ఆగలేదు. పిల్లల ఆరోగ్యం, చదువు, ఉద్యోగాల పనులు కూడా చేపట్టింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి, ఆటల మీద ఇష్టాన్ని చదువు వైపు మళ్లించే ఒక అకాడమీని షెపర్టన్‌లో నెలకొల్పింది.

మన కష్టాలు వారి కష్టాలంత పెద్దవి కావు, పోల్చడం న్యాయం కాదు. అయినా సంఖ్యలో తక్కువున్న వారికి సొంత చోటు ఒకటి ఎందుకు కావాలో వారి కథ చెబుతుంది. అలాంటి చోటు ఎవరో కట్టి ఇచ్చేది కాదు. రోజూ వచ్చేవాళ్లుంటేనే నిలుస్తుంది. బడి అయినా అంతే. పిల్లలూ, ఈ కథను ఇంట్లో మీ తాతయ్యకో, నానమ్మకో తెలుగులో చెప్పండి. మన కుటుంబాలు ఈ ఊరికి ఎలా వచ్చాయో వారిని అడిగి, ఒక పేజీ రాసి తీసుకురండి.

మీ ప్రధానోపాధ్యాయుడు